పూటకూళ్ళ ఇంటి నుంచి ఫుడ్ కోర్టు దాకా

మన విజయవాడ కుర్రకారుకి ఫుడ్ కోర్టు అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. మాల్స్‌లో చూస్తున్నారు. ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర కూడా రాత్రిపూట అలాంటిది వెలిసింది. ఎవరి పొయ్యి వారిది, కూర్చునే చోటు మాత్రం అందరిదీ. ఒకరు బిర్యానీ, మరొకరు ఇడ్లీ తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇవాళ ఇది మామూలు సంగతి. కాని ఆ బల్ల దాకా రావడానికి మన సమాజానికి ఎంతకాలం పట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

డబ్బిచ్చి భోంచేయడం తెలుగువారికి కొత్త కాదు. క్రీడాభిరామంలోనే ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో రూకకి దొరికే భోజనం వర్ణన ఉంది. పదిమందీ చేరే అంగడి కూడా కొత్త కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ముఖ్యమైన రేవు మన మచిలీపట్నం. డచ్చివారు ముందే వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు దిగారు. పారశీక వర్తకులు, కోమట్లు, నేతగాళ్ళు అందరికీ ఆ బజారులో పని ఉండేది. అయితే సరుకు దగ్గర కలిసిన జనం కంచం దగ్గర కలవడానికి ఇంకో మూడు వందల ఏళ్ళు పైనే పట్టింది.

1855 నాటికి కృష్ణకు ఆనకట్ట కట్టారు. కాలవలు సాగాయి, పడవలు నడిచాయి. 1890లలో రైలు వంతెన పడ్డాక బెజవాడ పెద్ద జంక్షను అయింది. ఊరుకాని ఊళ్ళో దిగినవాడికి ఆకలి వేస్తుంది కదా! అంచేత హోటళ్ళు పెరిగాయి. కాని గోడలు కూడా వాటితోబాటే వచ్చాయి. బ్రాహ్మణ హోటలు వేరు, మాంసం వండే మిలిటరీ హోటలు వేరు. చాలాచోట్ల హరిజనులకు లోపలికి రానిచ్చే మాటే లేదు. ఇంగ్లీషువారి కాలంలో దేశంలోని ఎన్నో రైల్వేస్టేషన్లలో మంచినీళ్ళు సైతం హిందూ పానీ, ముసల్మాన్ పానీ అని వేరువేరుగా పోసేవారు. దాహానికి లేని మతం కుండకు వచ్చింది!

ఈ గోడను చట్టరీత్యా పడగొట్టింది 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం. అందులో 15వ అధికరణం, రెండవ ఖండం చదవండి. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం, పుట్టిన ఊరు అనే కారణాలతో ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రాకుండా ఆపకూడదు. అంటరానితనం పాటిస్తే శిక్ష వేసే చట్టం 1955లో వచ్చింది. నేటి ఫుడ్ కోర్టుకి అసలు పునాది సిమెంటు కాదు, ఈ అక్షరాలే.

కూర్చునేవారి సంగతి ఇలా తేలింది. మరి వండి అమ్మేవారి మాటో? తోపుడు బండి మీద టీ, సమోసా, పలావు అమ్ముకుని పిల్లల్ని చదివించుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా, కొత్త కాంప్లెక్సు లేచినప్పుడల్లా ముందు కదలాల్సింది ఆ బండే. సింగపూరులో 1970, 80లలో వీధి వర్తకుల్ని రోడ్ల మీంచి తీసి, నీళ్ళూ డ్రైనేజీ ఉన్న షెడ్లలోకి మార్చారు. చీనా, మలయ్, భారతీయ వంటలు అక్కడ పక్కపక్కనే దొరుకుతాయి. 2020లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకూ 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ఉంది. సర్వే జరిపి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని అది చెబుతోంది. టౌన్ వెండింగ్ కమిటీలో విక్రయదారులు నూటికి 40 మందికి తగ్గకూడదు. వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. మైనారిటీలకు, దళితులకు, వెనుకబడినవారికి, వికలాంగులకు తగు స్థానం ఇవ్వాలి. ఈ సంగతి బండి నడిపేవారిలో ఎందరికి తెలుసు?

చదువుకున్న యువకులు సాయంత్రం టీ తాగేటప్పుడు ఆ బండివాడిని ఒక్క ప్రశ్న అడగండి: "భాయ్, సర్టిఫికెట్ తీసుకున్నావా?" లేదంటే దరఖాస్తు రాసిపెట్టండి. అందరూ కూర్చునే బల్ల మన పెద్దల తరంలో వచ్చింది. అందరికీ పొయ్యి వెలిగించుకునే చోటు దొరకడం మన తరం పని.