రూల్ మారితే ఫౌజు మారుతుంది

బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల్లో, పాచికలు వేయకముందే సగం ఆట అయిపోతుంది. వార్‌హామర్ 40,000నే తీసుకోండి. చెరో 2,000 పాయింట్లు అనుకుంటే, ఆ లెక్కలోనే ఎవరి ఫౌజు వాళ్లు కూర్చుకోవాలి. 2023లో దాని పదో ఎడిషన్ వచ్చింది. అంతకుముందు చాలా ఆయుధాలకు విడిగా పాయింట్లు కట్టాల్సి వచ్చేది. పదో ఎడిషన్‌లో దళం మొత్తానికి ఒకటే ధర అయింది. ఇంకేం, మామూలు తుపాకులతో పొదుపుగా కూర్చుకున్న దళాలకు విలువ పోయింది. ఉన్నవాటిలో మంచి ఆయుధం తగిలించకపోతే నష్టమే. కొన్ని పాత బొమ్మలైతే ‘లెజెండ్స్’ అనే జాబితాలోకి వెళ్లిపోయాయి. ఇంట్లో ఆడుకోవచ్చు, పెద్ద టోర్నమెంట్లలో మాత్రం వాటికి చోటు దొరకడం కష్టం. ఒక్క యుద్ధం కూడా ఓడకుండానే ఒక సైన్యం పనికిరాకుండా పోతుందన్నమాట.

ఇదంతా ఎక్కడో సీమదేశపు సరదా అనిపిస్తే ఒకసారి సుల్తాన్ బజార్ దాకా రండి. పక్కనే ఒకప్పటి కోఠి మహిళా కళాశాల ఆవరణలో ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ, ఇలాంటి రూల్‌బుక్‌నే బతికున్న మనుషుల మీద అమలు చేసిన కథకు గుర్తు.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం అలీఖాన్ ఫౌజు ఒక కలగూరగంప. జాగీర్దార్లు తెచ్చే గుర్రపు దళాలు, ఈస్టిండియా కంపెనీ పంపిన రెండు పటాలాలు, ఫ్రెంచివాడు రేమండ్ తీర్చిదిద్దిన పదాతిదళం, అన్నీ అందులోనే. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చింది. మరాఠాలు కూడా మాకు మిత్రులే అంటూ కంపెనీ తటస్థంగా ఉండిపోయింది. జీతం మనది, ఆజ్ఞ వాళ్లది. నిజాం ఓడిపోయాడు. ఆ కోపంలో కంపెనీ పటాలాలను వెనక్కి పంపేసి, రేమండ్ దళాన్ని పెంచుకుంటూ పోయాడు. అది దాదాపు 14 వేల మందికి చేరింది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 1న కొత్త రూల్ వచ్చింది. కంపెనీ 6,000 మంది సిపాయిలను ఇస్తుంది, నిజాం ఏటా 24,17,100 రూపాయలు కడతాడు, ఫ్రెంచి అధికారులు వెళ్లిపోవాలి. అక్టోబర్ 22న కంపెనీ సేనలు రేమండ్ దళాన్ని చుట్టుముట్టాయి. జీతం బకాయిల మీద ఆ సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. యుద్ధం జరగలేదు. పది వేలకు పైగా మనుషులు ఆయుధాలు కింద పెట్టేశారు.

1800లో రూల్ మళ్లీ మారింది. సిపాయిలు పెరిగారు, ధర మాత్రం ఈసారి నగదులో కాదు, నేలలో. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన జిల్లాలు కంపెనీకి పోయాయి. అదే దత్తమండలం, నేటి రాయలసీమలో చాలా భాగం. అదే ఒప్పందంలో ఇంకో షరతు ఉంది: యుద్ధం వస్తే నిజాం తన సొంత సైన్యం నుంచి 6,000 పదాతిని, 9,000 గుర్రాలను పంపాలి. సొంత సైన్యమే అయినా అది ఎలా ఉండాలో రెసిడెంట్లు చెప్పడం మొదలుపెట్టారు. 1811లో వచ్చిన హెన్రీ రస్సెల్ హయాంలో రస్సెల్ బ్రిగేడ్ తయారైంది, తర్వాత అది పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. అధికారులు బ్రిటిష్‌వాళ్లు, ఖర్చు నిజాంది. ఆ జీతాల కోసం పామర్ కంపెనీ దగ్గర అప్పులు చేశారు. అప్పు మీద అప్పు పేరుకుని, చివరికి 1853లో బేరార్‌ను బ్రిటిష్‌వాళ్ల చేతికి అప్పగించాల్సి వచ్చింది.

బల్ల మీద ఆటలో రూల్ రాసే కంపెనీ మనతో కొత్త బొమ్మలు కొనిపిస్తుంది. ఇక్కడి కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. నిజాం పాయింట్లతో తన సైన్యాన్ని కూర్చుకుంది.

కానీ మనుషులు డబ్బాలో పెట్టి మూసే బొమ్మలు కారు. రేమండ్ సిపాయిల్లో కొందరు మరుసటి ఏడాదే కంపెనీ పక్షాన శ్రీరంగపట్నం మీదికి నడిచారు. 1857లో ఔరంగాబాద్‌లోని కంటింజెంట్ గుర్రపు దళం, ఢిల్లీ మీదికి వెళ్లబోమని తిరగబడింది. అక్కణ్ణుంచి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదాఖాన్‌నూ అతని మనుషులనూ పట్టి రెసిడెన్సీకి అప్పగించారు. వాళ్లను విడిపించాలని జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రొహిల్లాలతో వచ్చి ఈ రెసిడెన్సీ మీదే దాడి చేశారు. దాడి విఫలమైంది. ఏ ఎడిషన్‌లోనూ లేని ఎత్తు అది: లెక్కలో ఒక అంకెగా ఉండాల్సినవాడు, నేను ఆడనన్నాడు.

రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు 1933లో నిజాం ఏలుబడిలోకి తిరిగొచ్చాయి. ఆ తర్వాతిదే సుల్తాన్ బజార్ అన్న పేరు. రెసిడెన్సీ తోటలో, జనానా ఉన్నచోట, ఆ భవనానికే ఒక చిన్న నమూనా ఇప్పటికీ ఉంది. పరదాలో ఉండే భార్య ఖైరున్నీసా కోసం రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడని చెప్పుకుంటారు. 1798లో ఆ ఒప్పందం నడిపించిన రెసిడెంటూ ఆయనే. ఇక రేమండ్ పేరు మూసారాంబాగ్‌లో నిలిచింది. ఆ అక్టోబర్ రోజున ఆయుధాలు కింద పెట్టిన సిపాయిల పేరు మీద మాత్రం నగరంలో ఒక్క బస్టాపూ లేదు.