భీమునిపట్టణము

విశాఖపట్టణమునకు ఈశాన్యమున, సుమారు 25 కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది బంగాళాఖాతమున గలియు చోట భీమునిపట్టణ మున్నది. భీముడు బకాసురుని జంపి యీ యూరు నిలిపెనని స్థానికులు చెప్పుదురు. ఊరిప్రక్కనున్న పావురాలకొండపై బౌద్ధవిహారముల యిటుకపునాదులు మాత్రము కథ కాదు, పోయినవారి కగపడునవే.

ఇచ్చట ఓడలు తీరమున కానుకొను రేవు లేదు. అవి దూరముగ లంగరు వేసికొనగా, సరకులను కెరటములు దాటించినది తీరవాసుల పడవలే. పదునేడవ శతాబ్దిలో డచ్చివారు నూలుబట్టలకై యిచ్చట స్థావర మేర్పఱచుకొనిరి. 1754లో మరాఠాలు ఊరిని గొల్లగొట్టిరి. 1781లో ఆంగ్లేయులు పట్టుకొని, మరల నిచ్చివేసి, తుదకు 1825లో శాశ్వతముగ స్వాధీనపఱచుకొనిరి. డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. ఊరి చరిత్ర యనగానే మనవారు వానినే చూపుదురు. పడవ నడపినవానికి, బట్ట నేసినవానికి సమాధిఫలకము లేదు గదా!

భీమునిపట్టణము పేరు ప్రపంచమున కెక్కినది నారవలన. గోగుకూర యెఱుగని తెలుగిల్లు లేదు. దాని జాతి మొక్కల నారయే విదేశవిపణిలో 'బిమ్లీ జూటు' అయినది. కాడలను కట్టలుగట్టి నీట నానవేసి, బెరడు మెత్తబడిన పిమ్మట నార యొలిచి, ఉతికి, ఎండబెట్టవలెను. ఆ కంపుకొట్టు నీటిలో నిలిచి పనిచేసిన కూలివారి కష్టమునకు వచ్చిన పేరిది. ఆ పేరును వారెన్నడైన వినిరో లేదో!

రేవు నెవ్వరును గూల్చలేదు. 1890 దశకమున రైలుమార్గము విజయనగరము మీదుగ వాల్తేరునకు బోయెను. తీరము ప్రక్కన మిగిలెను. 1933లో విశాఖ ఓడరేవు తెఱవబడగా నోడలును అటే మఱలెను. సమీపమున చిట్టివలస నారమిల్లు మాత్రము చిరకాలము నడచి, 2009లో మూతపడెను.

పురపాలనమున నీ యూరు పెద్దనగరములకు వెనుకబడలేదు. 1860 దశకముననే యిచ్చట పురపాలకసంఘ మేర్పడినది. ఊరి దీపము, వీధి, మురుగు ఊరివారే విచారించుకొనుట యను పాఠమును మన దేశమున మొదట నేర్చిన కొలది పట్టణములలో నిదియొకటి. ఇరువదియొకటవ శతాబ్ది రెండవ దశకమున నా సంఘము మహావిశాఖ నగరపాలకసంస్థలో లీనమయ్యెను. రోడ్లు వెడల్పగును, నీరు వచ్చును, ఇండ్లస్థలముల ధర పెరుగును, కాదనము. గోస్తనీ ముఖద్వారమునొద్ద ఇసుక మేటవేసినదని జాలరి మొఱపెట్టుకొనవలసిన కచేరి మాత్రము 25 కిలోమీటర్ల దూరమునకు బోయినది.