ర్యాంబుల్ వనంలో వలస పిట్టలు

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నడుమ ఉండే ర్యాంబుల్ చూపుకి పాతకాలపు అడవే. కాని అక్కడ బండరాళ్లు తప్ప చాలావరకు మనుషులు పెంచినవే. 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు గీసిన నమూనా ప్రకారం మట్టి పోసి, చెట్లు నాటి, కాలిబాటలను కావాలనే వంకరలు తిప్పారు. రాత్రంతా ఎగిరి అలసిన వలస పిట్టలకు తెల్లారేసరికి నాలుగు వైపులా మేడలే కనిపిస్తాయి. దిగడానికి దొరికే పచ్చటి చోట్లలో ఈ వనం ఒకటి.

వనం వెలిసిన ఆ రోజుల్లో పిట్టను గుర్తుపట్టాలంటే ముందు దాన్ని తుపాకితో కూల్చాలి. మరికొన్ని పిట్టలు ఆడవాళ్ల టోపీల మీదికి చేరేవి. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే బ్యాంకు ఉద్యోగి రెండు సాయంత్రాలు నగర వీధుల్లో తిరిగి 700 టోపీలు లెక్కపెట్టాడు. 542 టోపీలకు పక్షి ఈకలో, ఏకంగా పక్షులో ఉన్నాయి. గుర్తించిన పక్షులు నలభై రకాలు; వాటిలో బ్లాక్‌పోల్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలు మూడు. అడవికి వెళ్లకుండానే చేసిన పక్షుల లెక్క అది! తర్వాత అతను పార్కు పక్కనే ఉన్న ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో చేరాడు.

1889లో ఫ్లోరెన్స్ మెరియమ్ నాటకశాల దుర్భిణితోనే పక్షులను చూడవచ్చని పుస్తకం రాసింది. మరుసటి ఏడాదే ఇదే పార్కులో షీఫెలిన్ అనే ఆయన యూరప్ గోరింకలు అరవై వదిలాడు. అవి ఖండమంతా నిండి, స్థానిక పక్షుల గూళ్లు ఆక్రమించాయి. పిట్టలను ప్రేమించడానికీ కాస్త ముందుచూపు కావాలి మరి. 1918 నాటి వలస పక్షుల చట్టం వేటను అడ్డుకుంది. లడ్లో గ్రిస్కమ్ అనే పక్షి పరిశీలకుడు రెక్కల చారలు, తోక మచ్చలు చూసి దూరం నుంచే పోల్చుకోవడం నేర్పాడు. ఆ ఒరవడినే రోజర్ టోరీ పీటర్సన్ 1934లో బొమ్మల పుస్తకంగా అందరికీ అందించాడు.

అయినా ఆకురాలే కాలం ఈ విద్యకు అసలు పరీక్ష. వసంతంలో మగ పిట్టలు మెరిసే రంగులతో, పాటలతో తామెవరో తామే చెప్పేస్తాయి. ఆగస్టు చివర్నుంచి దిగేవాటిలో ఆ ఏడాది పిల్లలే ఎక్కువ. పాట ఉండదు, రంగు వెలిసిపోయి అన్నీ ఒకే పసుపుపచ్చ. పీటర్సన్ తర్వాతి ముద్రణల్లో ఇలా తికమకపెట్టే వార్బ్లర్లకు విడిగా పుటలే ఇచ్చాడు. అక్టోబరులో వార్బ్లర్లు తగ్గి తెల్లగొంతు పిచ్చుకలు, హెర్మిట్ థ్రష్‌లు నేల మీది ఆకులు తిరగేస్తూ కనిపిస్తాయి.

బ్లాక్‌పోల్ వార్బ్లర్ మామూలు బరువు 12 గ్రాములే. కొవ్వు పట్టాక ఈశాన్య తీరం నుంచి అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఎక్కడా వాలకుండా దక్షిణానికి ఎగురుతుంది. కొన్ని అంతకు ముందు ర్యాంబుల్ ఓక్ కొమ్మల్లో పురుగులు ఏరుకుంటాయి.