క్రెయిగ్‌లాక్‌హార్ట్, 1917: యుద్ధ వైద్యశాలలో ఒక అనురాగం

ఎడిన్‌బరో నగరానికి నైరుతి దిక్కున ఉన్న క్రెయిగ్‌లాక్‌హార్ట్ భవనాన్ని 1880 ప్రాంతంలో జలచికిత్సాలయంగా, అంటే స్నానాలతోనూ పథ్యంతోనూ కలవారి నరాల నీరసాన్ని కుదిర్చే విడిదిగా, కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1916లో, బ్రిటిష్ యుద్ధశాఖ దానిని స్వాధీనం చేసుకొని, మనసు చెదిరిన సైనికాధికారులకు మాత్రమే ప్రవేశమున్న ఆసుపత్రిగా మార్చింది. 1919లో మూతపడే నాటికి అక్కడ 1,700 మందికి పైగా చికిత్స పొందారు.

వారి జబ్బుకు షెల్ షాక్ అని పేరు. ఫిరంగి గుండ్ల నడుమ నెలల తరబడి నిలిచినవారికి పట్టుకునే వణుకు, నత్తి, పీడకలలు, ఉన్నట్టుండి మాట పడిపోవడం మొదలైన లక్షణాలన్నిటినీ కలిపి పిలిచే ఈ మాట, చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంతో వైద్యశాస్త్రంలోకి వచ్చింది. జబ్బు ఒకటే అయినా వైద్యం హోదాను బట్టి మారింది: లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యెలండ్ మాట పోయిన సిపాయిల గొంతుకు విద్యుత్తు తగిలించి మాట రప్పిస్తే, క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో అధికారులను కూర్చోబెట్టి మాట్లాడించారు. అయితే రెండు చోట్లా నయం కావడమంటే తిరిగి యుద్ధానికి పనికిరావడమేనన్న సంగతిని మరిచిపోతే, అక్కడ ఇద్దరు రోగుల మధ్య పెరిగిన అనురాగం ఎందుకంత తొందరగా తెగిపోయిందో అర్థం కాదు.

ఆ ఇద్దరిలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ చిన్నవాడు, అప్పటికి 24 ఏళ్లవాడు. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని సావీ అడవి దగ్గర ఒక గుండు అతణ్ణి గాలిలోకి విసిరేయగా, తునకలైన తోటి అధికారి శవానికి చేరువలో, రైలుకట్ట పక్కనున్న గుంటలో కొన్ని రోజులు గడిపాడు. జూన్ 26న ఆసుపత్రికి వచ్చిన అతణ్ణి ఆర్థర్ బ్రాక్ అనే వైద్యునికి అప్పగించారు. నేలను తాకినంత సేపూ ఓటమి ఎరుగని గ్రీకు పురాణ మల్లుడు ఆంటయస్‌ను తన సిద్ధాంతానికి ప్రతీకగా చేసుకున్న బ్రాక్, పరిసరాలతో తెగిన సంబంధాన్ని పని ద్వారా తిరిగి కలపడమే చికిత్స అని నమ్మి, రోగులకు ఏదో ఒక వ్యాపకం పురమాయించేవాడు. ఆ క్రమంలోనే ఓవెన్ ఒక బడిలో పాఠాలు చెప్పాడు, ఆసుపత్రి పత్రిక ‘హైడ్రా’కు సంపాదకుడయ్యాడు.

సీగ్‌ఫ్రీడ్ ససూన్ వచ్చిన దారి వేరు. ముంబయిలోని ససూన్ డాక్‌కు పేరిచ్చిన బాగ్దాదీ యూదు వర్తక కుటుంబంలో పుట్టి, సాహసానికి మిలిటరీ క్రాస్ పతకం పొందిన ఈ కవి, యుద్ధాన్ని కావాలనే పొడిగిస్తున్నారని ఆరోపిస్తూ 1917 జూలైలో బహిరంగ ప్రకటన చేశాడు. సైనిక విచారణ తప్పదనుకున్న దశలో మిత్రుడు రాబర్ట్ గ్రేవ్స్ కలగజేసుకోగా, అధికారులు అతణ్ణి రోగిగా తీర్మానించి క్రెయిగ్‌లాక్‌హార్ట్‌కు పంపారు. నోరు మూయించడానికి జైలు కన్న ఆసుపత్రే గౌరవప్రదమని వారు భావించినట్టుంది. అతని వైద్యుడు రివర్స్ అంతకుముందు నీలగిరుల్లో తోడాల మధ్య పరిశోధన చేసి 1906లో వారిపై గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త కూడా. భయంకర జ్ఞాపకాలను అణచుకోమనడం రోగిని మరింత చెరుస్తుందని, వాటిని మాటల్లో పెట్టనివ్వాలని ఆయన వాదించాడు.

ఆగస్టు నడిమిలో ఓవెన్ ససూన్ కవితా సంపుటి ప్రతులు చేతపట్టుకొని, సంతకాల నెపంతో అతని గది తలుపు తట్టాడు. ఆ పరిచయం కొద్ది రోజుల్లోనే ఇద్దరూ చిత్తుప్రతులు ముందేసుకుని కూర్చునేంత సన్నిహితమైంది. ససూన్ కవిత ‘హైడ్రా’లో అచ్చయింది, ఓవెన్ రాసిన ‘ఆంథెమ్ ఫర్ డూమ్డ్ యూత్’ చిత్తుప్రతి మీద ససూన్ చేతిరాతలో దిద్దుబాట్లు ఈనాటికీ కనిపిస్తాయి. పీడకలలనే కవితా వస్తువుగా తీసుకోవచ్చునన్న ధైర్యం ఓవెన్‌కు ఈ స్నేహంలోనే వచ్చింది కనుక, రివర్స్ తన గదిలో చేస్తున్న వైద్యాన్నే ససూన్ మరో గదిలో పెన్సిలుతో చేశాడనడం అతిశయోక్తి కాదు.

ఈ బంధానికి ఏ పేరు పెట్టాలన్నది చర్చనీయాంశం. ససూన్ తన స్వలింగానురాగాన్ని 1911లోనే ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితకు ఉత్తరం ద్వారా చెప్పుకున్నాడు. ఆసుపత్రి విడిచిన వెంటనే ఓవెన్ అతనికి రాసిన 1917 నవంబరు 5 నాటి ఉత్తరం గురుభక్తి హద్దులు దాటిన ప్రేమలేఖ. వారి మధ్య శారీరక సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. ఓవెన్ వైపు ఆరాధన, ససూన్ వైపు ఆదరంతో కలిసిన కొంత పెద్దరికం ఉన్నాయనే చెప్పవలసి ఉంటుంది. పురుషుల మధ్య లైంగిక సంబంధానికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం విధించే 1885 నాటి చట్టం ఇంకా అమల్లో ఉండగా అంతకన్న స్పష్టమైన సాక్ష్యం కాగితం మీద దొరకాలనుకోవడం అమాయకత్వమే. నవంబరు 3న ఎడిన్‌బరోలోని ఒక క్లబ్బులో వీడ్కోలు పలుకుతూ ససూన్ ఇచ్చిన మూసిన కవరులో పది పౌండ్ల నోటు, రాబర్ట్ రాస్ చిరునామా ఉన్నాయి. అదే చట్టం కింద జైలు పాలైన ఆస్కార్ వైల్డ్‌ను చివరిదాకా విడవని మిత్రుడు ఈ రాస్.

ఇద్దరూ నయమయ్యారు, ఇద్దరూ యుద్ధానికి తిరిగి వెళ్లారు. తలకు గాయమై 1918 వేసవిలో ఇంగ్లండు చేరిన ససూన్, ఓవెన్ మళ్లీ ఫ్రాన్సు వెళ్లకుండా కాలిలో పొడిచి ఆపుతానని బెదిరించినా లాభం లేకపోయింది. నవంబరు 4న సాంబ్ర్-వాజ్ కాలువ దాటించే ప్రయత్నంలో ఓవెన్ హతుడయ్యాడు. యుద్ధ విరమణ నాడు, నవంబరు 11న, గంటలు మోగుతుండగా తంతి ఇంటికి చేరింది. చలం అనువాదంతో తెలుగువారికి ఆత్మీయమైన ‘గీతాంజలి’లోని పంక్తులు కొడుకు జేబు పుస్తకంలో కనిపించాయని అతని తల్లి 1920లో టాగూరుకు రాసింది.

అదే ఏడాది ససూన్ ముందుమాటతో ఓవెన్ కవితలు పుస్తకంగా వచ్చాయి. ఉత్తరాలకు ఆ అదృష్టం పట్టలేదు: ఓవెన్ కోరిక మేరకు తల్లి కొన్ని కాగితాలను తగలబెట్టింది, తమ్ముడు హెరాల్డ్ మిగిలిన ఉత్తరాలలో తనకు నచ్చని భాగాలను కొట్టివేశాడు. పేరు కాపాడాలన్న తపనతో కుటుంబం చేసిన ఈ పని చరిత్రకు చేసిన నష్టం చిన్నది కాదు. ససూన్ 1967 సెప్టెంబరు 1న మరణించాడు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పురుషుల మధ్య ఏకాంత సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తప్పించిన చట్టం అంతకు అయిదు వారాల ముందే ఆమోదం పొందింది. అయితే అది ఇంగ్లండు, వేల్స్‌లకే వర్తించింది. క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఉన్న స్కాట్లండులో ఆ మార్పు 1980లో వచ్చింది. బ్రిటిష్ సైన్యంలో స్వలింగ ప్రియులపై నిషేధం 2000 జనవరిలో గాని తొలగలేదు.