ముప్ఫై రూపాయలు వెనక్కిచ్చేసిన ప్లీడరు

మా ఆఫీసులో ఏడాదికోసారి సాఫ్ట్ స్కిల్స్ క్లాసు పెడతారు. సూటేసుకున్న ఒకాయన వచ్చి షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా ఇవ్వాలో, మీటింగులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి పోతాడు. మొన్న చివరి స్లైడులో గాంధీ బొమ్మ పెట్టి, "ఈయనది పుట్టుకతో వచ్చిన కాన్ఫిడెన్స్" అన్నాడు. కొల్లాయితో, శాలువాతో 1931లో లండన్ వెళ్ళినప్పటి ఫోటో అది. నాకు నవ్వాగలేదు. క్లయింట్ కాల్లో నా వంతు రాగానే గొంతెండిపోయే మనిషిని నేను. గాంధీ ఆత్మకథలో మొదటి సగం నాకు బంధువుల కథలా అనిపిస్తుంది.

1888లో లండన్ ఓడెక్కేటప్పటికి ఆయనకి 19 ఏళ్ళు నిండలేదు. అక్కడ కొన్నాళ్ళకి దొరలా కనబడాలన్న పిచ్చి పట్టింది. 19 షిల్లింగులు పోసి పొడుగు టోపీ కొన్నాడు. బాండ్ స్ట్రీట్‌లో 10 పౌండ్లకి సూటు కుట్టించాడు. అన్నగారికి రాసి రెండుపేటల బంగారు గడియారం గొలుసు తెప్పించుకున్నాడు. డాన్సు క్లాసుకి 3 పౌండ్లు కట్టి ఆరు పాఠాలు వెళ్ళాడు గానీ, పియానోకీ కాళ్ళకీ పొత్తు కుదరలేదు. చెవి అలవాటు పడుతుందని ఇంకో 3 పౌండ్లు పెట్టి వయొలిన్. ఉపన్యాసాలు నేర్పే మాస్టారికి ఒక గినీ. రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడం సరేసరి. మూడు నెలలకి పిచ్చి దిగింది. ఆ వయొలిన్ ఎంతొస్తే అంతకి అమ్మిపెట్టమని పాఠం చెప్పిన టీచరమ్మనే అడిగాడట!

ఇంత ఖర్చు పెట్టాక నోరు పెగలాలి కదా? పెగల్లేదు. శాకాహార సంఘం కమిటీలో తన అభిప్రాయం కాగితం మీద రాసుకెళ్ళాడు, చదవడానికి ధైర్యం చాల్లేదు. వేరేవాళ్ళు చదివారు. వెంట్నర్ అనే ఊళ్ళో ఒక్క ఠావు కూడా నిండని ప్రసంగం చదవబోతే కళ్ళు మసకబారాయి. అది స్నేహితుడు మజ్ముదార్ చదివిపెట్టాడు.

1891లో బారిస్టరై తిరిగొచ్చాడు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు, మామీబాయి అనే ఆవిడ తరఫున. ఫీజు 30 రూపాయలు. అవతలి సాక్షులని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డాడు. కోర్టంతా గిర్రున తిరిగింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. కూర్చుండిపోయి, ఈ కేసు నావల్ల కాదు, పటేల్ గారిని పెట్టుకోండని చెప్పి ఫీజు తిరిగిచ్చేశాడు. పటేల్ గారు 51 రూపాయలు తీసుకున్నారు. డిగ్రీ ఉంది, సూటుంది, ఇంగ్లీషుంది. ఈ చోటు చదివినప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ పనిమీద దక్షిణాఫ్రికా వెళ్ళాడు. ఏడాదికి 105 పౌండ్లు, రానుపోను మొదటి తరగతి టిక్కెట్టు. (మన ఆన్‌సైట్ అసైన్‌మెంటే అనుకోండి.) మారిట్జ్‌బర్గ్‌లో రైల్లోంచి తోసేసిన సంగతి చిన్నప్పుడే పాఠంలో చదివాం. ఆ ప్రయాణానికి ముందు జరిగిందొకటుంది, అది ఎవరూ చెప్పరు.

కేసు 40,000 పౌండ్లది, ప్రిటోరియాలో ఉన్న చుట్టం మీద. మొత్తం జమాఖర్చుల గొడవ. గాంధీకి జమ ఏదో ఖర్చు ఏదో తెలీదు. కాగితాల నిండా "పి. నోటు" అని ఉంది. డిక్షనరీలో వెతికితే దొరకలేదు. సిగ్గు పక్కనపెట్టి గుమాస్తానే అడిగితే, ప్రామిసరీ నోటన్నాడు. మన ఊళ్ళల్లో వేలిముద్ర వేసే రైతుక్కూడా తెలిసిన ప్రోనోటు, బారిస్టరుకి తెలీదు! తర్వాత పద్దుల పుస్తకమొకటి కొనుక్కుని చదివాడు. దాంతో తనకి కొంత ధైర్యం వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. 10 పౌండ్ల సూటు ఇవ్వనిది ఆ లెక్కల పుస్తకం ఇచ్చిందన్నమాట. నేను ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టులో, అందరూ రోజూ వాడే ఒక పొడిమాటకి అర్థం అడగడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాను. ఆ ఎనిమిది నెలలూ కాల్లో మ్యూట్‌లోనే ఉన్నాను.

ప్రిటోరియా చేరాక అక్కడి భారతీయ వర్తకుల్ని పిలిచి ప్రసంగించాడు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనంటాడు. విషయం వ్యాపారంలో నిజాయితీ. వ్యాపారంలో నిజం చెల్లదనే వర్తకుల మధ్యే నిలబడి, చెల్లుతుందన్నాడు. ఈసారి కళ్ళు మసకబారలేదు. చెప్పాల్సింది చేతిలో ఉంది మరి, అదీ నా లెక్క. కేసు కూడా మధ్యవర్తి దగ్గరికి తెప్పించాడు. అబ్దుల్లా సేఠ్ గెలిచాడు. ఓడినాయన దివాలా తీయకుండా వాయిదాల మీద కట్టేందుకు సేఠ్‌ని ఒప్పించింది కూడా గాంధీయే.

తలపాగా సంగతి చెప్పకపోతే అన్యాయం. 1893లో డర్బన్ కోర్టులో తలపాగా తియ్యమంటే తియ్యకుండా బయటికొచ్చి, పత్రికలకి ఉత్తరం రాశాడు. మరుసటేడు నేటాల్ సుప్రీంకోర్టులో ప్రమాణం చేశాక ప్రధాన న్యాయమూర్తి అదే మాటంటే, తీసేశాడు. అబ్దుల్లా సేఠ్‌కీ మిత్రులకీ అది నచ్చలేదు. పెద్ద పోరాటాలకి ఓపిక దాచుకోవాలని ఆయన వాదన. నాకైతే మొదటిదానికంటే ఈ రెండోది చెయ్యడమే కష్టమనిపిస్తుంది.

ఆత్మకథ రాసేనాటికి ఆయన దేశమంతా తిరిగి లక్షలమందితో మాట్లాడినవాడు. అందులోనే, కొత్తవాళ్ళ ముందు మాట్లాడాలంటే జంకేవాణ్ణనీ, వీలైతే ప్రసంగం తప్పించుకునేవాణ్ణనీ రాశాడు. క్లాసయ్యాక ఈ పేజీ మా ట్రైనర్‌కి చెబుదామని లేచాను. చుట్టూ ముప్ఫైమంది ఉన్నారు. మళ్ళీ కూర్చున్నాను.