బలం మాత్ర ఎవరికి బలం? రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఖనిజాల కథ



రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న స్త్రీ నీరసంగా ఉన్నదని తెలియగానే మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో బంధువులు మొదట చేసే పని బలానికి మాత్రలు తెచ్చి ఇవ్వడం. ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర, జింకు కలిసిన టానిక్, ఒక్కొక్కసారి భస్మాల పొట్లం. ఇచ్చేవారి ప్రేమను శంకించవలసిన పని లేదు. అయితే ఆ మాత్ర బలమిచ్చేది రోగికా, రోగానికా అన్న ప్రశ్న డెబ్బై అయిదేళ్లకు పైబడినది. ఆ ప్రశ్న పుట్టిన చోట ఒక తెలుగువాని పేరు వినిపిస్తుంది.

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పరిశోధన ఒక ఖనిజానికి సంబంధించినదే. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి అది. నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఇద్దరి పేర్లతోనే దానిని చదువుకొంటారు. ఆ తరువాత ఆయన లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించారు. యౌవనంలో తన సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. కొన్ని రకాల రక్తహీనతకు కూడా అమృతంలా పనిచేసింది.

రక్తాన్ని బాగుచేసే పదార్థం రక్త క్యాన్సర్‌నూ బాగుచేయకపోదా? బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్‌కు ఈ ఆలోచన సహజంగానే వచ్చింది. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరికదా, మరింత వేగం పుంజుకొన్నట్లు కనిపించింది. వేగంగా విభజన చెందే కణానికి ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. క్యాన్సర్ కణం కంటె వేగంగా దానిని వినియోగించుకొనేది ఏముంటుంది? ఫార్బర్ ఆ చేదు అనుభవాన్ని తిరగవేసి, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థాలను లెడర్లీ నుంచి తెప్పించుకొన్నారు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ పైన పనిచేయగలదని 1951లో జేన్ రైట్ చూపారు. మిలాన్ నగరంలో బోనడోన్నా బృందం 1976లో ప్రకటించిన సి.ఎం.ఎఫ్. చికిత్సలో నడిమి అక్షరం ఈ మెథోట్రెక్సేట్‌దే. శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ ఇవ్వడానికి బలమైన పునాది వేసిన పరిశోధనలలో అది ఒకటి.

ఖనిజాల గురించి మొదలుపెట్టి విటమిన్ కథ చెబుతున్నానేమని మీరు అడగవచ్చు. మన దేశంలో 1970 నుంచి నడుస్తున్న రక్తహీనత నివారణ పథకం మాత్రను ఒకసారి చూడండి. ఊళ్లో అందరూ దానిని ఐరన్ మాత్ర అనే అంటారు. కాని నేడు స్త్రీలకు పంచే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. గర్భిణికి అది వరం. కాపెసిటబిన్ వాడుతున్న రొమ్ము క్యాన్సర్ రోగికి మాత్రం ఫోలిక్ ఆమ్లం ఆ మందు తీవ్రతను పెంచి, విరేచనాలను, నోటిపూతను, అరచేతులు అరికాళ్ల మంటను అధికం చేయవచ్చు. మెథోట్రెక్సేట్ విషయంలో వ్యవహారం తలకిందులు: అక్కడ మందుకే అడ్డుపడవచ్చు. పేరుకు ఒక మాత్ర, చేసే పనులు రెండు!

ఇక ఇనుము సంగతి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కనుక రోగి పాలిపోయి కనిపిస్తే ఐరన్ ఇవ్వాలనిపించడం వింత కాదు. కాని కీమోథెరపీలో రక్తం తగ్గడానికి చాలాసార్లు కారణం ఎముక మూలుగ అణగిపోవడం. ఇనుము నిల్వలు సరిపడా ఉన్నవారికి మరింత ఇనుము పోసినా రక్తం పట్టదు. క్యాన్సర్‌లోను, వాపులోను ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. అందువల్ల అది ఒక్కటే చూసి నిర్ణయించడానికి లేదు, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలి. అమెరికాలో కీమోథెరపీ పొందిన 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలు 2020లో వెలువడ్డాయి. చికిత్స సమయంలో ఐరన్ వాడినవారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, నేరనిర్ధారణ కాదు. ఐరన్ అవసరమైనవారు ముందే ఎక్కువ జబ్బుతో ఉండి ఉండవచ్చు. నిజమైన లోపం ఉన్నదని తేల్చి డాక్టరు రాసిన ఐరన్‌ను దీనిని చదివి మానవద్దు. నా అభ్యంతరమల్లా కొలవకుండా కొనే ఐరన్ మీదనే.

తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, 1993లో స్విమ్స్, 2022 మే నెలలో తిరుమల తిరుపతి దేవస్థానం, టాటా ట్రస్టుల భాగస్వామ్యంతో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాయి. రాయవేలూరు పోక తప్పని చిత్తూరు కుటుంబాలకు దారి దగ్గరయింది. కాని సాధారణంగా కీమోథెరపీకి, కీమోథెరపీకి నడుమ రెండు మూడు వారాలు రోగి ఉండేది ఇంటిలోనే. మందుల దుకాణం, పక్కింటివారి సలహా, చుట్టాల సంచీ పనిచేసేది ఆ రోజులలోనే. భస్మాల విషయం ఒక్క మాటలో చెబుతాను: బోస్టన్ దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులలో 14 ఇంటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో వెల్లడయింది. కాలేయం మీద భారం పడుతున్న వేళ ఏది వాడినా డాక్టరుకు చూపి వాడండి.

క్యాల్షియం కథ వేరు. ఇక్కడ లోటు చికిత్స వల్లనే వస్తుంది. ముట్లుడిగిన స్త్రీలకు ఏళ్ల తరబడి ఇచ్చే అనాస్ట్రజోల్, లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను దాదాపు తుడిచిపెడతాయి, ఎముక గుల్లబారుతుంది. టామాక్సిఫెన్‌తో పోల్చి చూసిన పెద్ద పరిశోధనలో అనాస్ట్రజోల్ వాడినవారికి ఎముకలు విరగడం ఎక్కువని తేలింది. ఎముకల కోసం ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ రక్తంలో క్యాల్షియంను పడగొట్టగలవు. కాబట్టి వీరికి క్యాల్షియం, డి విటమిన్ అవసరమే. ఆహారం, మాత్ర అన్నీ కలిపి రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు చాలు. మన సీమ సంగటి ఇందులో కొంత వాటా తీరుస్తుంది: 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 344 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, అయితే అదంతా ఒంటబట్టదు. లెట్రోజోల్ మొదలుపెట్టేటప్పుడే ఎముకల సాంద్రత పరీక్ష చేయించమని అడగండి. ఐరన్ కూడా రాసి ఉంటే క్యాల్షియం మాత్రను ఆ పూట కాక మరో పూట వేసుకోండి, రెండూ కలిస్తే ఇనుము సరిగా ఒంటబట్టదు.