నిషిద్ధాక్షరి – నత్తి: ప్రొద్దుటూరు అవధాన నేపథ్యంలో ఒక పరిశీలన

ధారాశుద్ధిని కవితాశక్తికి కొలమానంగా భావించిన పట్టణాలలో ప్రొద్దుటూరు ఒకటి. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసినది ఈ సీమలోనే. మాట ఆగకుండా సాగడమే ప్రతిభ అనిపించుకొన్నచోట, మాట తడబడే వయోజనుని స్థితి ఏమిటి? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

వాగ్దోషాన్ని మన ప్రాచీనులు వ్యాధిగా గుర్తించారు. కఫంతో కూడిన వాయువు శబ్దవాహినులైన ధమనులను ఆవరించినప్పుడు మూకత్వం, మిన్మినత్వం, గద్గదత్వం కలుగుతాయని సుశ్రుతసంహిత నిదానస్థానం చెప్పింది. అయితే కావ్యాలలో గద్గదస్వరం భక్తికి, శోకానికి చిహ్నమై గౌరవం పొందింది. కడపలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ తన నిఘంటువు (1852)లో చేర్చిన ‘నత్తి’ అన్న దేశ్యపదం మాత్రం వ్యవహారంలో మనిషి పేరుకు ముందు చేరే ఎగతాళిగా మారింది.

నత్తిగలవారి అనుభవానికి అత్యంత సన్నిహితమైన అవధానాంశం నిషిద్ధాక్షరి. కవి ఊహించిన పదాన్ని పసిగట్టి పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని మరో పదంతో తప్పుకొంటాడు, సభ చప్పట్లు కొడుతుంది. నత్తిగల వయోజనుడు రోజంతా చేసేది ఇదే. అతని విషయంలో పృచ్ఛకుడు లోపలి భయమే. ఆ నేర్పు ఎవరికీ కనబడదు. పైగా అవధానికి పర్యాయపదాలున్నాయి, ఊరిపేర్లకు అవి లేవు. పకారం పలకడానికి జంకేవాడు బస్సులో ప్రొద్దుటూరుకో పులివెందులకో టికెట్టు అడగవలసివస్తే ఏ పదంతో తప్పుకొంటాడు? జకారానికి జంకేవానికి జమ్మలమడుగూ అంతే. అన్నిటికన్నా కష్టమైనది తన పేరు చెప్పుకోవడం.

ఇరవయ్యో శతాబ్ది వాక్చికిత్సలో వచ్చిన ముఖ్యమైన మలుపు ఇక్కడే ఉంది. స్వయంగా నత్తి ఉన్న చార్లెస్ వాన్ రైపర్ (1905–1994) నత్తిని దాచవద్దని, బిగువు సడలించి తేలికగా తడబడడం నేర్చుకోవాలని బోధించాడు. జోసెఫ్ షీహాన్ నత్తిని మంచుకొండతో పోల్చాడు: వినబడే తడబాటు పైభాగమే, నీటి అడుగున ఉన్నవి భయం, సిగ్గు, తప్పించుకోవడం. కనుక చికిత్స లక్ష్యం ధార ఒక్కటే కాదు, నిషేధాన్ని ఎత్తివేయడం కూడా. 2008లో ఏర్పడిన ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ వంటి స్వయంసహాయక బృందాలు సాగుతున్నదీ ఈ దారిలోనే.

చికిత్సకుడు వక్తకు ధైర్యం నేర్పగలడు. శ్రోతకు ఓర్పు నేర్పవలసినది సమాజం. అవధాని పాదం పూర్తిచేసేవరకు నిశ్శబ్దంగా వేచివుండే సంస్కారం ఈ సీమ ప్రేక్షకులకు కొత్త కాదు. ఆ ఓర్పు వేదిక దిగి టికెట్టు అడిగేవాని ముందు నిలిచినప్పుడే అవధాన సంస్కృతి సార్థకమవుతుంది.